వాషింగ్ మిషన్ పక్కన ఆరడుగుల చోటు

మా విశాఖపట్నంలోనే ఎండాడలో మా పిన్ని కొడుకు కొత్త ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి వెళ్తే వ్రతం అయి, భోజనాలు కూడా అయ్యాక ఇల్లంతా తిప్పి చూపిస్తూ చివర్లో ఒక తలుపు దగ్గర ఆగి "అక్కా, ఇది చూడు" అని లైటు వేశాడు. పది బై పదకొండు గది. ఒక గోడ మొత్తం అద్దం, పైన చుట్టూరా నీలం రంగు ఎల్ఈడీ పట్టీ, ట్రెడ్‌మిల్లు, మల్టీజిమ్, మూల స్టాండులో సైజుల వారీగా పేర్చిన డంబెల్స్. వచ్చిన చుట్టాలంతా ఆ అద్దంలో ఫోటోలు దిగారు. నేనూ దిగాను, అబద్ధమెందుకు. తిరిగొచ్చేటప్పుడు హనుమంతవాక దాకా మా ఆయన నోరు విప్పలేదు. అక్కడ సిగ్నల్ పడ్డాక "బాబు గది ఎలాగూ వచ్చే ఏడు ఖాళీ అవుతుంది కదా" అన్నారు. వాడింకా ఇంటర్ సెకండియర్ పరీక్షలే రాయలేదు.

ఆ తర్వాత వారం రోజులు నా ఫోనుకి వీడియోలు, వ్యాసాలు వస్తూనే ఉన్నాయి, పక్క గదిలోంచి. అన్నీ చూశాను. అన్నిట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: మీకు ఏ వ్యాయామం ఇష్టం? దాన్ని బట్టి పరికరాలట, పరికరాలని బట్టి చోటట, చోటుని బట్టి అద్దం, రంగులు, పాటల పెట్టె. ఇక్కడే నాకు చిక్కొచ్చింది. నాకు ఇష్టమైన వ్యాయామం అంటూ ఏదీ లేదు. ఇష్టమైన పచ్చళ్ళున్నాయి, మధ్యాహ్నం కునుకు తీయడానికి ఇష్టమైన కిటికీ ఉంది. వ్యాయామం మాత్రం నాకు కరెంటు బిల్లు కట్టడం లాంటిది, కట్టకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి కడతాను. అయినా ఏడాదిన్నరగా వారానికి నాలుగు రోజులు ఇంట్లోనే మానకుండా చేస్తున్నాను, అదీ ఈ వారం చర్చలో ఎవరికీ గుర్తుకు రాని చోట. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఇంట్లో కసరత్తుకి చోటు వెతుక్కునే మనిషి ముందు తేల్చుకోవాల్సింది తనని ఏది ఆపుతోందన్నది. ఇష్టాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, అసలు చూసుకోకపోయినా నష్టం లేదు.

ముప్పై రెండు కిలోమీటర్ల తర్వాత

రెండేళ్ళ కింద ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను. ముప్పై రెండు కిలోమీటర్లు. మా ఎంవీపీ కాలనీ మీదుగానే వెళ్తారు కాబట్టి చిన్నప్పటి నుంచీ మజ్జిగ పోయడం అలవాటే గానీ నడవడం అదే మొదటిసారి. నడిచేటప్పుడు బాగానే ఉంది. మర్నాటి నుంచి మెట్లు దిగలేను. ఎక్కగలను, దిగలేను. మాది మూడో అంతస్తు, లిఫ్టు ఉంది కాబట్టి పరువు దక్కింది. వారమైనా తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మోకాలు నొక్కి చూసి, ఎక్స్‌రే చూసి, "కీలు పెద్దగా అరగలేదమ్మా, తొడలో బలం లేదు. ఆ బరువంతా మోకాలు మోస్తోంది" అన్నారు. రోజూ నడుస్తాను కదండీ అన్నాను కొంచెం గర్వంగా. నడక గుండెకి మంచిది, తొడకి అది చాలదు అన్నారు.

ఇంటికొచ్చి చదివితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ అదే ఉంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్ళు కదలాలి, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి. మొదటి వాక్యం అందరికీ తెలుసు. రెండోదాన్ని నాలాంటివాళ్ళు చదవనట్టే వదిలేస్తారు.

మరి బీచ్ రోడ్డు ఉంది కదా, ఇల్లెందుకు అంటారు. నిజమే, ఆ మాట కొట్టిపారేయలేను. తెల్లవారుజామున బండ్లు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్ళకి వదిలేసే ఊరు మనది, పార్కుల్లో కసరత్తు పరికరాలు కూడా ఊరికే వాడుకోవచ్చు. కొన్నాళ్ళు వెళ్ళాను. పార్కులో కాళ్ళతో తోసే పరికరం మీద కూర్చుంటే పక్క బెంచీ మీద నలుగురు పెద్దమనుషులు రాజకీయాలు ఆపి చూశారు. చెడ్డగా చూశారని అనను, ఊరికే చూశారు. కానీ చీర కట్టుకుని నడవడం వేరు, చుడీదార్ వేసుకుని గుంజీళ్ళు తీయడం వేరు. పైగా జూన్ నుంచి వానలు, అక్టోబరు నుంచి తుఫాన్లు, మధ్యలో కుక్కలు. వెళ్ళడానికి ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై. పొద్దున్న ఐదుకీ ఆరుకీ మధ్య నాకు దొరికేది నలభై ఐదు నిమిషాలు.

హాలు ఎవరిది

మొదట పడగ్గదిలో ప్రయత్నించాను. మంచం కాళ్ళ వైపు నాలుగడుగుల జాగా ఉంది. స్కిప్పింగ్ తాడు కొని మూడో రోజే తిరుగుతున్న ఫ్యాను రెక్కకి తగిలించాను. ఆ చప్పుడికి మా ఆయన లేచి భూకంపం అనుకుని బాబు గదిలోకి పరిగెత్తారు. నన్ను దాటుకుని పరిగెత్తారన్న సంగతి వేరే సందర్భంలో మాట్లాడుకుంటాం. ఫ్యాను కింద తాడాట గానీ, చేతులు పైకెత్తి బరువులు లేపడం గానీ వద్దని ఏ వ్యాసంలోనూ కనబడలేదు. వాటిని రాసేవాళ్ళ ఇళ్ళల్లో బహుశా నడినెత్తిన ఫ్యాను ఉండదేమో.

తర్వాత హాలు. చోటుంది, గాలుంది, సముద్రం వైపు బాల్కనీ ఉంది. కానీ హాలు మా మావయ్యగారిది. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, నాలుగున్నరకే లేచి కాఫీ తాగి పేపరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆయన ఎప్పుడూ నన్ను ఒక్క మాట అన్నది లేదు. కానీ ఆయన ముందు మ్యాట్ పరిచి వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం నా వల్ల కాలేదు. ఒకరోజు చేశాను కూడా. ఆయన లేచి పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, గాలికి ఎగిరిపోతున్న కాగితాలతో అరగంట కుస్తీ పట్టారు. మర్నాటి నుంచి నేనే మానేశాను.

ఇంటిని డిజైన్ చేసేవాళ్ళు వెలుతురు లెక్క కడతారు, గాలి లెక్క కడతారు. ఎవరు ఎక్కడ కూర్చుని ఎటు చూస్తారన్నది లెక్క కట్టరు. నలుగురున్న ఇంట్లో ఆడమనిషికి అదే పెద్ద కొలత. దానికి తోడు పిలుపులు. "అమ్మా, నా సాక్సులేవి?" "అమ్మాయ్, పాలవాడు వచ్చాడేమో చూడు." ఏ గదిలో ఉన్నా వినబడతాయి, వినబడితే లేవకుండా ఉండలేను, లేస్తే ఇక అంతే. ఈ లెక్కన అన్నిటికంటే మంచిది తలుపున్న గదే కదా, అంటే మా తమ్ముడి జిమ్మే కదా అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ప్రత్యేకంగా ఒక గదిలోకి వెళ్ళాలంటే ప్రత్యేకంగా బుద్ధి పుట్టాలి. పొద్దున్న ఐదింటికి నాకు బుద్ధి పుట్టదు, కాళ్ళు ఎటు అలవాటైతే అటు వెళ్తాను.

బట్టలు చేరే చోటు

ట్రెడ్‌మిల్లు మీద బట్టలు ఆరేస్తారని అందరూ వేసే జోకు మీకు తెలిసిందే. మా ఇంట్లోనూ పాత ఎక్సర్‌సైజ్ సైకిలు ఒకటి అలాగే టవల్ స్టాండుగా రిటైరైంది. ఒకరోజు దాని మీద టవల్ ఆరేస్తూ ఆ జోకుని తిప్పి చూశాను. బట్టలు రోజూ ఎక్కడికి చేరతాయో మనిషి కూడా రోజూ అక్కడికి చేరుతోందన్నమాట. మరి నేను తెల్లారగానే, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, తప్పకుండా వెళ్ళే చోటు ఏది? వంటింటి వెనక వాషింగ్ మిషన్ ఉన్న యుటిలిటీ. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. ముందు బాల్కనీకి హుద్‌హుద్ తుఫాను తర్వాత అద్దాలు బిగించుకున్నాం గానీ ఇది వట్టి గ్రిల్లుతోనే ఉండిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. ఎవరూ పట్టించుకోని చోటే నాకు కావాల్సింది.

ఇంకొక సంగతి చేరాకగానీ తెలియలేదు. మిషన్ తిరుగుతుంటే అక్కడ ఎవరి పిలుపూ వినబడదు. నిజంగానే వినబడదు. ఒక విడత బట్టలకి నలభై ఐదు నిమిషాలు. బట్టలు వేసి, బటన్ నొక్కి మొదలుపెడతాను, అది కూత పెట్టేసరికి ఆపేస్తాను. యాప్ లేదు, టైమర్ లేదు. నేను కసరత్తు చేస్తున్నానని ఇంట్లో ఎవరూ అనుకోరు, బట్టలు ఉతుకుతున్నాననుకుంటారు. దీనికి బాధపడాలో సంతోషపడాలో నాకు ఇంకా తేలలేదు. బట్టల పేరు చెబితే తప్ప నలభై ఐదు నిమిషాలు నావి కావా అని మా చెల్లెలు గట్టిగానే అడిగింది. దాని మాటలో న్యాయముంది. కానీ నా మోకాలికి న్యాయం కంటే ముందు గుంజీళ్ళు కావాలి.

మా అత్తయ్యగారికి వాస్తు పట్టింపు. ఈశాన్యంలో బరువులు పెట్టకూడదు, నైరుతిలో బరువుండాలి అంటారు. మా యుటిలిటీ సరిగ్గా నైరుతిలో పడింది. డంబెల్స్ తెచ్చిన రోజు ఆవిడ సంతోషం చూడాలి.

వాలు, చప్పుడు, తుప్పు

మొదటి నెల నడుం నొప్పొచ్చింది. పట్టేశాను చివరికి: యుటిలిటీ నేల నీళ్ళు పోవడానికి తూము వైపు వాలుగా ఉంటుంది. గుంజీళ్ళు తీస్తుంటే నా ఎడమ కాలు ఎప్పుడూ అర అంగుళం కిందే ఉంటోంది. వడ్రంగిని పిలిచి ఆరు బై మూడు చెక్క వేదిక చేయించాను, మామూలు ప్లైవుడ్ అయితే తడికి ఉబ్బుతుంది కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, పంతొమ్మిది ఎంఎం మందం. వాలు వైపు కాళ్ళు కొంచెం ఎత్తు. అతను పని ముగించి, దూరంగా నిలబడి చూసి, "ఇది ఏటి మేడం, ఏ దేవుడికి పీట?" అన్నాడు. పీట పడ్డ రెండో రోజు కింది ఫ్లాటు ఆంటీ పైకొచ్చారు. "ఏమ్మా, పొద్దున్నే ఏం దంచుతున్నారు?" వేదిక కింద బోలుగా ఉంటే అది డప్పేనని నాకు తట్టలేదు. కాళ్ళ కింద మందపాటి రబ్బరు బుష్షులు, పైన నల్ల రబ్బరు మ్యాట్ వేశాక చప్పుడు తగ్గింది. గెంతడాలు పూర్తిగా మానేశాను. ఆంటీకి అప్పుడప్పుడూ కందిపొడి పంపిస్తాను. ఇది కూడా డిజైన్‌లో భాగమే అంటాను.

తుప్పు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని చెప్పే సలహాలు మన ఊళ్ళో ఇక్కడే బోల్తా పడతాయి. తళతళలాడే క్రోమ్ డంబెల్స్ ఒక వానాకాలం దాటేసరికి చికెన్‌పాక్స్ వచ్చినట్టయ్యాయి. సముద్రం మాకు కిలోమీటరున్నర దూరం. గాల్లో ఉప్పు ఇనుము మీద పడి తేమని పట్టి ఉంచుతుంది, పూతలో సన్నని పగులుంటే చాలు లోపలికి దిగి తినేస్తుంది. ఉక్కు తయారుచేసే ఊళ్ళో ఉంటూ ఇనుముని కాపాడుకోలేకపోవడం ఏమిటని మా ఆయన జోకేశారు. ఇప్పుడు రబ్బరు తొడుగున్నవి రెండు జతలే ఉంచుకున్నాను, పిడికి వారానికోసారి కుట్టుమిషను నూనె రాస్తాను. సాగే రబ్బరు బ్యాండ్లు ఎండకీ ఉప్పుగాలికీ పగుళ్ళు తేలతాయి, ఒకటి తెగి చెంప మీద కొట్టింది కూడా, అందుకే అవి వంటింట్లో పాత హార్లిక్స్ సీసాలోకి వెళ్ళాయి.

మిగతా బరువులకి ఇంట్లో ఉన్నవే వాడతాను. ఐదు లీటర్ల క్యాన్ నిండా నీళ్ళు పోస్తే ఐదు కిలోలు, చేతకానిరోజు రెండు లీటర్లు వంచేస్తే మూడు. రోకలి ఉంది, అత్తయ్యగారి కాపురానికి వచ్చింది, భుజాలు వెనక్కి తిప్పడానికి దాన్ని మించినది లేదు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు, వాటికి తుప్పు పట్టదని రాస్తున్నాను. అన్నిటికంటే నేను మనసు పెట్టి కొన్నది గోడ ఫ్యాను. మన ఉక్కపోతలో చెమట ఆరదు, కారుతుంది. ఏసీ కంటే ఒంటి మీద గాలి తగలడం ముఖ్యం. తర్వాత దోమల మెష్. జూన్‌లో ఐదున్నర లోపే సూర్యుడొచ్చేస్తాడు గానీ డిసెంబరులో ఆరు దాటినా చీకటే, అప్పుడు ట్యూబులైటు వేస్తే దోమలన్నీ మెష్ అవతల నిలబడి నన్ను చూస్తాయి. ఆ చూపులకి నాకు అభ్యంతరం లేదు.

అయినా ఒక అనుమానం

ఇలా రోకళ్ళూ నీళ్ళ క్యాన్లూ అంటుంటే నాకే భయం వేస్తుంది, పేదరికాన్ని పొగిడే కథలాగా తయారవుతానేమోనని. మన ఉత్తరాంధ్రలో అలాంటి కథలు బోలెడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఒక్క ఊరి నుంచే ఎందరో వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు, 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం గెలిచిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. చూశారా, అద్దాలూ ఏసీలూ ఏముంటాయి పల్లెల్లో అని మా ఆయన్ని దెబ్బకొట్టడానికి నేనీ పేర్లు వాడాను. ఆయన కాసేపు ఆలోచించి "వాళ్ళ వెనక కోచ్ ఉన్నాడు. నీ వెనక సర్ఫు డబ్బా ఉంది" అన్నారు.

ఆ దెబ్బ నాకే తగిలింది. నిజానికి ఆరు నెలలు నేను గుంజీళ్ళు తప్పుగా తీశాను. మోకాళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయని నాకు తెలియదు, ఎవరైనా చెప్తే కదా. ఒకరోజు సర్ఫు డబ్బాకి ఫోను ఆనించి వీడియో తీసుకుంటే కనబడింది. మా తమ్ముడి గదిలో ఆ గోడంత అద్దం ఉంటే మొదటి రోజే తెలిసేది. అంటే అద్దం షోకు అని నేను వెటకారం చేసింది పూర్తిగా ఒప్పు కాదు. అవసరమైనప్పుడు వాడే పనిముట్టది. ఇప్పుడు మిషన్ పక్క గోడకి నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు అద్దం ముక్క బిగించాను, నడుము నుంచి కిందికి మాత్రమే కనబడేలా. ముఖం కనబడితే జుట్టు సర్దుకుంటూ నిలబడిపోతాను, నా సంగతి నాకు తెలుసు.

తమ్ముడి గది మీద కూడా ముందే తీర్పు చెప్పేయడం లేదు. వాడికి అలాంటి వెలుగులో, అలాంటి పాటలకి ఊపొస్తుందేమో. వాడింట్లో వాడిని పొద్దున్నే ఎవరూ పాల కోసం పిలవరు కూడా. వాడిని ఆపేది ఇంకేదో అయ్యుంటుంది, అది వాడు కనుక్కోవాలి. మా ఆయన్ని ఆపేది మాత్రం నాకు తెలుసు: రాత్రి పన్నెండింటి దాకా ఫోను. దానికి బాబు గది ఖాళీ చేయించనక్కర్లేదు.

మావయ్యగారి కుర్చీ

ఇదంతా నాకే నాకని కుదుర్చుకున్న చోటు. నా ఎత్తుకి వేదిక, నా నడుముకి అద్దం, నా చెవికి మిషన్ చప్పుడు. మొన్న ఒక ఆదివారం కూత వచ్చాక తలుపు తీస్తే మావయ్యగారు వంటింట్లో నిలబడి ఉన్నారు, ఎప్పటి నుంచో. "అమ్మాయ్, అక్కడ నువ్వు చేసేది నాకు పనికొస్తుందా?" అన్నారు. హాల్లో సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి, రెండు సార్లు ఊగి లేస్తున్నారని నేను చూస్తూనే ఉన్నాను, చూడనట్టే ఉన్నాను.

నిజం చెప్పాలంటే మొదట చిరాకేసింది. ఇల్లంతా వదిలేసి ఈ నలభై చదరపు అడుగులే కావాలా అనిపించింది. అయినా చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కదలకుండా గోడకి ఆనించి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూడమన్నాను. తొమ్మిది. డెబ్బై నుంచి డెబ్బై నాలుగు మధ్య మగవాళ్ళకి పన్నెండు కంటే తగ్గితే కింద పడే ప్రమాదం ఎక్కువని లెక్క. ఆయనకి డెబ్బై మూడు. పెద్దవాళ్ళయితే బలానికీ, తూలకుండా నిలబడడానికీ వారానికి మూడు రోజులైనా చేయాలన్నది కూడా ఆ 2020 సూచనల్లోనే ఉంది, నేనప్పుడు నా వయసు వరకే చదివి ఆపేశాను.

ఆయనకి పట్టుకోవడానికి గోడకి ఒక రాడ్డు కావాలి. వెల్డింగు షాపతను 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలన్నాడు, సముద్రం దగ్గర అది కూడా గోధుమ రంగు మచ్చలు పట్టేస్తుంది, తుప్పుని తట్టుకునేలా మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం కావాలని నేను పట్టుబట్టాను, రేటు చెప్పాడు, బేరం ఆడాను. ఇక రాడ్డు ఎక్కడ బిగించాలన్నది తేలాలి. నేను వాడుకునేలా ఉండాలంటే నా నడుము ఎత్తులో, ఆయనకైతే ఇంకో నాలుగంగుళాలు పైకి. ఆదివారం డ్రిల్లింగు మిషను పట్టుకుని అతను వచ్చినప్పుడు గోడకి పెన్సిలుతో రెండు గీతలు గీసి ఉన్నాయి. పై గీత మీద చెయ్యమన్నాను.